గుండె గుభేల్‌మన్నప్పుడల్లా ఈసీజీ తీయించాలా?

పెదవాల్తేరు వాకర్ · 1

మన తెలుగులో గుండెకి ఒక్క పనేమిటి! జారుతుంది, గుభేలుమంటుంది, చెరువవుతుంది, దాంట్లో రాయి పడుతుంది, దాని మీద కుంపటి ఉంటుంది. ఇన్ని మాటలున్నా, పొద్దున నడక అయ్యాక పార్కు బెంచీ మీద లేచే ప్రశ్నలకి మాత్రం తిన్నగా జవాబు దొరకదు. రోజూ వినపడేవి ఇవీ:

ఎడమవైపు చురుక్కుమంటే ఏమిటి? త్రేన్పు వస్తే గ్యాసేనా? ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో 60 శాతం అని ఉంటే మిగతా 40 ఏమైనట్టు? బీపీ మిషన్ మూడుసార్లు చూస్తే మూడు అంకెలెందుకు? చేతి వాచీ 105 చూపిస్తే కంగారు పడాలా? గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందట, నిజమేనా?

తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. "డాక్టర్ని కలవండి" అని ఒక్క ముక్కలో వదిలేయకండి. ఎప్పుడు కలవాలో, ఎంత తొందరగా కలవాలో చెప్పండి.


క్యాజువాల్టీ డ్యూటీ · 2

మొదటి ప్రశ్న నుంచి వస్తాను. నొప్పి ఎక్కడ అని అడిగితే మనిషి చేత్తో ఎలా చూపిస్తున్నారో చూడండి. ఒక్క వేలు పెట్టి "ఇదిగో, సరిగ్గా ఇక్కడ" అంటే, అక్కడ నొక్కితే ఇంకా నొస్తుంటే, అది చాలావరకు పక్కటెముక ఛాతీ మధ్య ఎముకకి అతుక్కునే చోట వాపు, లేదంటే కండరం పట్టేయడం. సూదితో పొడిచినట్టు రెండు మూడు సెకన్లు వచ్చి పోయేది, పక్కకి తిరిగితే పెరిగేది కూడా గుండె రక్తనాళాల నొప్పి తీరు కాదు. (ఊపిరి పీల్చినప్పుడు నొప్పి, దానితోపాటు ఆయాసమో జ్వరమో ఒక కాలి పిక్కలో వాపో ఉంటే అది ఊపిరితిత్తుల సంగతి. దాన్నీ ఆ రోజే చూపించాలి.)

గుండె నొప్పికి వేలు సరిపోదు. పిడికిలో అరచెయ్యో ఛాతీ మధ్యలో ఆనించి "పట్టేస్తోంది", "బరువు పెట్టినట్టుంది", "మండుతోంది" అంటారు. నొప్పి ఉందా అంటే లేదనే చెబుతారు. బరువుగా ఉందా అంటే అప్పుడు తల ఊపుతారు. ఇంట్లోవాళ్ళు అడగాల్సిన మాట అదీ. అది దవడకి, భుజాలకి, ఎడమ చేతికి, ఒక్కోసారి రెండు చేతులకీ, వీపుకీ పాకుతుంది. చల్లటి చెమట, వికారం, ఆయాసం తోడవుతాయి.

మెట్లెక్కితే మొదలై, ఆగితే అయిదు నిమిషాల్లో తగ్గిపోయే బరువు గుండె రక్తనాళం సన్నబడిందనడానికి గుర్తు. కొత్తగా వచ్చినదైతే ఒకట్రెండు రోజుల్లో చూపించాలి. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చి పది నిమిషాలు దాటిందంటే ఇంక ఆలోచించేదేమీ లేదు, 108కి ఫోను చేయాలి.

ఇక "ఎడమ" గురించి. గుండె ఉండేది ఛాతీ మధ్యలో, కొన ఎడమకి ఒరిగి. ఎడమ చంక కింద చురుక్కుమంటే రాత్రికి రాత్రి పరిగెత్తుకొచ్చేవాళ్ళు, ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టుంటే సోడా తాగి పడుకుంటారు. భయం తప్పుచోట ఖర్చవుతోంది. దాన్ని తెచ్చి సరైన చోట పెట్టడానికే ఇంత రాశాను.


గోళీసోడా · 3

సోడా మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నానండీ. ఈనో తాగాక త్రేన్పు వచ్చి తేలికపడితే అది గ్యాసని తేలిపోయినట్టు కాదా?


క్యాజువాల్టీ డ్యూటీ · 4

కాదండీ. గుండె కింది గోడ సరిగ్గా ఉదరవితానం (ఛాతీనీ పొట్టనీ వేరు చేసే కండరం) మీద ఆని ఉంటుంది, దాని కిందే పొట్ట. రెండు చోట్ల నుంచీ వెళ్ళే నరాల సమాచారం వెన్నుపాములో కలగలిసిపోతుంది. అందుకే కింది గోడకి రక్తం ఆగినప్పుడు కడుపు ఉబ్బరం, త్రేన్పులు, వాంతి అచ్చం అజీర్తిలాగే వస్తాయి. పైగా గుండె నొప్పి కాసేపు తగ్గి మళ్ళీ రావడం మామూలే. తగ్గిన ఆ కాసేపట్లోనే ఈనో తాగి ఉంటే పేరు ఈనోకి పోతుంది.

షుగరు ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి, బాగా పెద్దవయసువాళ్ళకి ఛాతీలో ఏమీ లేకుండా ఒట్టి ఆయాసం, చెమట, ఎన్నడూ లేని నీరసంతోనే రావచ్చు. నలభై దాటినా, షుగరు, బీపీ, పొగతాగే అలవాటు వీటిలో ఏదున్నా, దవడకీ బొడ్డుకీ మధ్య ఎన్నడూ ఎరగని ఇబ్బంది చెమటతో వస్తే ముందు ఈసీజీ, తరవాతే సోడా. ఈసీజీలో ఏమీ లేక నిజంగా గ్యాసే అని తేలితే పోయేది ఒక గంట.


ఈసీజీ గది · 5

ఈసీజీ మీద రెండు అపోహలున్నాయి, రెండూ ఎదురెదురు.

ఒకటి, "ఈసీజీ నార్మల్, కాబట్టి ఏమీ లేదు". గుండెపోటు మొదలైన తొలి గంటలో ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. అందుకే నొప్పి ఉన్నంతసేపూ 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్ళీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ అది, పైకి కనపడటానికి టైం పడుతుంది. పాత తరహా పరీక్షైతే 3 నుంచి 6 గంటల తరవాత రెండోసారి తీయాలి, హై సెన్సిటివిటీ రకం అయితే 1 నుంచి 3 గంటల్లో. "ఒకసారి తీశారుగా, మళ్ళీ బిల్లు వేయడానికే" అనుకుని మధ్యలో లేచి వెళ్ళిపోకండి. రెండో పరీక్షే అసలు పరీక్ష.

రెండోది, మిషన్ అచ్చు వేసే మాటలు. కాగితం పైన ఒక మూల "అబ్‌నార్మల్ ఈసీజీ" అని పడుతుంది, అది చదివి ఇంటిల్లిపాదీ డీలా పడతారు. మిషన్ చూసేది గీతల్నే, మనిషిని కాదు. తీగలు తప్పుచోట పెడితే లేని జబ్బు కూడా గీస్తుంది. ఎక్కువగా జరిగేది కుడిచేతి క్లిప్పు, ఎడమచేతి క్లిప్పు తారుమారవడం. అప్పుడు లీడ్ వన్‌లో (కాగితం మీద I అని ఉండే గీత) గీత మొత్తం తలకిందులవుతుంది, ఏవీఆర్ (aVR) అన్న గీతలో కిందికి ఉండాల్సింది పైకి లేస్తుంది. ఇది చూడటానికి డాక్టరు చదువు అక్కర్లేదు. లీడ్ వన్‌లో ప్రతి కొట్టుకూ ముందు వచ్చే చిన్న బుడిపె కిందికి తిరిగి ఉంటే "ఒకసారి క్లిప్పులు చూస్తారా అండీ" అని మర్యాదగా అడగండి.

ఛాతీ మీద బుడ్డీలు పెట్టడంలో మరో పొరపాటు జరుగుతుంది. గొంతు కింద గుంట నుంచి వేలు కిందికి జారిస్తే ఎముక మీద అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. దాని పక్కన ఉన్నది రెండో పక్కటెముక, దాని కింది సందు రెండోది. అక్కణ్ణించి ఇంకో రెండు సందులు దిగితే నాలుగోది. మొదటి బుడ్డీ వీ1 అక్కడ ఎముకకి కుడి అంచున, వీ2 ఎడమ అంచున. వీ4 ఇంకో సందు కింద, కాలర్ ఎముక మధ్య నుంచి దిగిన గీత మీద. వీ2కీ వీ4కీ నడుమ వీ3. హడావుడిలో వీ1, వీ2 ఒకట్రెండు సందులు పైకి అతికిస్తే "ఇన్‌కంప్లీట్ ఆర్‌బీబీబీ" (గుండె కుడివైపు కరెంటు దారిలో కొంత అడ్డంకి) అని పడుతుంది, సరిగ్గా పెట్టి తీస్తే మాయమవుతుంది. ఏసీ గదిలో వణికినా, పళ్ళు బిగపట్టినా గీత గజిబిజిగా వస్తుంది. చేతులు పక్కన వదిలేసి, రెండు దుప్పట్లు కప్పించుకుని, మళ్ళీ తీయించుకోండి.

"సైనస్ అరిద్మియా" అని ఉంటే కుర్రవాళ్ళు అస్సలు బెదరక్కర్లేదు. ఊపిరి పీలిస్తే గుండె కాస్త వేగం, వదిలితే నిదానం. ఆరోగ్యంగా ఉన్న గుండె లక్షణమే అది. "సైనస్ రిథమ్" అంటే మరీ మంచిది, సైనస్ అనగానే ముక్కు పట్టుకోకండి.


గుడివాడ గుమస్తా · 6

మరి 60 శాతం సంగతి ఎవరూ ఎత్తలేదు. దాంతోపాటు "మైల్డ్ టీఆర్", "గ్రేడ్ 1 డయస్టాలిక్ డిస్‌ఫంక్షన్" అని కూడా రాస్తున్నారు.


ఎకో ప్రోబ్ · 7

గుమస్తా గారూ, ఎక్కువమందికి నిద్ర లేకుండా చేసే అంకె ఇదే. పరీక్షలో 60 మార్కులు వచ్చినట్టు చదువుతారు. లెక్క ఇలా వేసుకోండి: గుండె ఎడమ కింది గది నిండినప్పుడు దాంట్లో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకుందాం. ఒక్క నొక్కులో 70 బయటికి తోసింది. డెబ్భైని నూట ఇరవైతో భాగిస్తే 58 శాతం. అదే ఈఎఫ్. మిగతా 50 మిల్లీలీటర్లు గదిలో ఉండాల్సిందే, నూటికి నూరు తోసే గుండె ఎక్కడా లేదు. 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలు. 40 కన్నా తగ్గితే మందులు గట్టిగా వాడాల్సిన బలహీనత. నిరుడు 62 ఉండి ఈసారి 58 వస్తే నాలుగు శాతం గుండె పోయినట్టు కాదు. కొలిచే చెయ్యి మారితేనే అంత తేడా వస్తుంది.

"ట్రివియల్" లేదా "మైల్డ్" టీఆర్ అంటే కుడివైపు కవాటం మూసుకునేటప్పుడు ఒక చుక్క వెనక్కి రావడం. బాగున్నవాళ్ళలో కూడా చాలామందికి కనిపిస్తుంది. "మోడరేట్", "సివియర్" అన్న మాటలుంటే అడిగి తెలుసుకోవాలి. గ్రేడ్ 1 అంటే గుండె కండరం సడలడంలో కాస్త నిదానం, వయసుతో మోకాలు బిగిసినట్టు. దానికి విడిగా మాత్ర లేదు. బీపీ, షుగరు, బరువు అదుపులో పెట్టుకోవడమే మందు.

ఒక్క మాట. ఎకో బాగుందంటే రక్తనాళాల్లో అడ్డంకులు లేవని కాదు. గుండె గోడలూ కవాటాలూ ఎలా కదులుతున్నాయో మాత్రమే అది చూస్తుంది. కుళాయి పని చేస్తోంది కాబట్టి పైపులో పాచి లేదని చెప్పలేం కదా.


నడక మానని నూకరాజు · 8

అయితే ఏటా టీఎమ్‌టీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) చేయించుకుంటే సరిపోతుందా?


ఎకో ప్రోబ్ · 9

ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి ఏటా అక్కర్లేదు. అది నడిస్తే బరువు, ఆయాసం వచ్చేవాళ్ళ కోసం పెట్టిన పరీక్ష. బ్రూస్ పద్ధతిలో మొదటి మెట్టు గంటకి 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఎత్తు. మూడేసి నిమిషాలకి వేగమూ ఎత్తూ పెరుగుతాయి. 220లోంచి వయసు తీసేస్తే వచ్చిన అంకెలో 85 శాతం వరకు గుండె వేగం చేరాలి. ఏభై ఏళ్ళ మనిషికి 170లో 85 శాతం, అంటే దాదాపు 145. ప్రమాదం తక్కువున్న మనిషికి, అందులోనూ ఆడవాళ్ళకి, జబ్బు లేకుండానే పాజిటివ్ రావడం ఎక్కువ. దానివెనక యాంజియోగ్రామ్, దానివెనక భయం.

చేయించుకోవాల్సి వస్తే పరీక్షకి రెండు మూడు గంటల ముందు తేలిగ్గా తినండి, చెప్పులు కాదు బూట్లు వేసుకెళ్ళండి. గుండె వేగం తగ్గించే మాత్రలు (మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి) వాడుతుంటే ఆ రోజు మానాలా వద్దా అని ముందే అడగండి. సొంతంగా మానకండి. అవి ఠక్కున ఆపితే నొప్పి ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.


మందుల షాపు మెట్టు · 10

దగ్గు గురించి. "ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి" అన్న మెసేజీ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. దానికి మూలం క్యాథ్ ల్యాబు, అంటే యాంజియోగ్రామ్ చేసే గది. అక్కడ మానిటర్ చూస్తూ, గుండె లయ తప్పిన ఆ క్షణంలో డాక్టరు దగ్గమంటే, స్పృహ పోకుండా కొన్ని సెకన్లు నెట్టుకురావచ్చు. ఇంటి దగ్గర గుండెపోటుకి అది పనికిరాదు. దగ్గుతూ కూర్చున్నంతసేపూ ఫోను చేయడం ఆలస్యమవుతుంది.

పనికొచ్చేది ఆస్పిరిన్. 300 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. ఎకోస్ప్రిన్ 150వి ఇంట్లో ఉంటే రెండు. దాని మీద పొట్టలో కరగకుండా పూత ఉంటుంది, అందుకే నీళ్ళతో గుటుక్కున మింగితే ఆలస్యం. పళ్ళ కింద పొడి అయ్యేదాకా నమలాలి. ఆస్పిరిన్ పడనివాళ్ళు, కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్ళు, పక్షవాతం లక్షణాలున్నవాళ్ళు వేసుకోకూడదు. నొప్పి చీల్చినట్టుగా వీపులోకి దూసుకుపోతుంటే కూడా ఆగండి, అది బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) చీలిక కావచ్చు.

ఇక సార్బిట్రేట్. గుండెపోటుకి 7 రూపాయల కిట్ అని వాట్సాప్‌లో వచ్చే జాబితాలో ఇదీ ఉంటుంది. ఎవరికి పడితే వాళ్ళకి నాలుక కింద పెట్టేది కాదండీ ఇది. రక్తనాళాలు వదులై బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. డాక్టరు ముందే రాసి ఇచ్చినవాళ్ళు మాత్రమే, 5 మిల్లీగ్రాముల బిళ్ళ, కుర్చీలో కూర్చుని వాడాలి. నిలబడి వేసుకుంటే కళ్ళు తిరిగి పడి తల పగులుతుంది. పై బీపీ 90 కన్నా తక్కువుంటే వద్దు. వయాగ్రా రకం మాత్రల్లో సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడాలఫిల్ వేసుకుని 48 గంటలు గడవకపోతే అస్సలు వద్దు, ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి చెప్పడానికి మగవాళ్ళు మొహమాటపడతారు. అంబులెన్సులో అడిగితే మాత్రం దాచకండి.


పల్స్ పట్టు · 11

బీపీ అంకెలు ఎందుకు మారతాయంటే, అది గోడ మీద కొలిచే పొడుగు కాదు, క్షణక్షణం మారేది. అయినా మనం చేసే తప్పులే ఎక్కువ. కూరగాయల సంచీ కింద పెట్టి, నిలువునా ఆయాసపడుతూ, టీవీ చూస్తూ, "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అని మాట్లాడుతూ చూసుకుంటే వచ్చేది బీపీ కాదు.

అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్టు వద్దు. మూత్రం పోసి రండి, నిండుగా ఉంటే అంకె పెరుగుతుంది. వీపు ఆన్చి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు మాటాపలుకూ లేకుండా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీద చుట్టాలి, కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పక్కన వేలాడేస్తే ప్రతి 10 సెంటీమీటర్లకీ దాదాపు 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది.

పట్టీ సైజు ఎవరూ చూడరు. మిషన్‌తో వచ్చేది సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత చేతికి. టైలరు టేపుతో భుజానికీ మోచేతికీ నడుమ కొలవండి. 34 వస్తే పెద్ద పట్టీ కొనాల్సిందే. పట్టీ బిగుతైతే లేని బీపీని తెచ్చిపెడుతుంది, దాంతో అక్కర్లేని మాత్ర ఒంట్లోకి వెళ్తుంది.

నిమిషం ఎడంతో రెండుసార్లు చూడండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారం రోజులు. మొదటి రోజువి తీసేసి మిగతావాటి సగటు వేయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఆ చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆసుపత్రిలో గీత 140/90, ఇంట్లో అయిదు తక్కువ. ఒక్కసారి 150 చూసి మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ పోతే కంగారుకే 170 అవుతుంది. అలాంటప్పుడు మిషన్ బీరువాలో పెట్టేయండి. కానీ 180/120 దాటి, దాంతో ఛాతీ బరువు, చూపు మసక, మాట తడబాటు ఉంటే బీరువా కాదు, ఆసుపత్రి.

వాచీ సంగతి కూడా ఇక్కడే. 60 నుంచి 100 అన్నది ఊరికే కూర్చున్నప్పటి లెక్క. మెట్లెక్కి 105 వస్తే గుండె తన పని తాను చేసింది. పట్టీ వదులైతే వాచీ చెయ్యి ఊపునే లెక్క కడుతుంది. అనుమానమొస్తే బొటనవేలు కింద మణికట్టు మీద రెండు వేళ్ళు ఆన్చి 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. వాచీలో తీసే ఈసీజీ ఒకే గీత. లయ తప్పడాన్ని పట్టగలదు, గుండెపోటుని పట్టలేదు.

"ఒక కొట్టు ఆగి, ఢామ్మని మళ్ళీ కొట్టుకుంది" అన్నది నిజానికి ఆగడం కాదు. ఒక కొట్టు ముందుగా, చిన్నగా పడుతుంది. ఆ తరవాత వచ్చిన విరామంలో గుండెకి కాస్త ఎక్కువ రక్తం నిండి తరవాతి కొట్టు గట్టిగా తెలుస్తుంది. నిద్ర తక్కువైనా, కాఫీలు ఎక్కువైనా పెరుగుతాయి. కళ్ళు తిరిగి పడిపోవడం, ఛాతీ బరువు, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుండటం - వీటిలో ఏదైనా తోడైతే తప్పక చూపించాలి.


ఉప్పు తక్కువ · 12

తిండి గురించి ఒక్కటే చెబుతా, ఎక్కువ తప్పు జరిగేది అక్కడే. ఆవకాయ పెట్టేటప్పుడు కిలో మామిడి ముక్కలకి కారం పావుకిలో, ఆవపిండి పావుకిలో, ఉప్పు 200 గ్రాములు, నూనె 300 గ్రాములు. మొత్తం రెండు కిలోల ఆవకాయలో పదోవంతు ఉప్పు. గరిటెతో వేసుకునే 20 గ్రాముల ముద్దలో 2 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రోజు మొత్తం హద్దు 5 గ్రాములు. పప్పన్నంలో ఒకసారి, పెరుగన్నంలో ఒకసారి వేసుకుంటే నాలుగు అయిపోయాయి. కూర, చారు, అప్పడం, ఊరమిరపకాయ అన్నిటికీ కలిపి మిగిలింది ఒక గ్రాము. మానేయమని అనను, ఆవకాయ లేని వేసవి ఎవరికి కావాలి. వేసుకున్న రోజు అప్పడం మానండి, చారులో ఉప్పు సగం చేయండి, ముక్క తిని పిండి వదిలేయండి.

సైంధవ లవణం కూడా సోడియమే, అందులో తప్పించుకునేదేమీ లేదు. పొటాషియం కలిపిన "లో సోడియం" ఉప్పు కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్ళు అడక్కుండా మొదలుపెట్టకూడదు. తెల్లమద్ది బెరడు కషాయం, వెల్లుల్లి రెబ్బలు తాగి, తిని బ్లాకులు కరిగించుకుందామని స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే) మాత్ర ఆపేసేవాళ్ళ కోసం ఒక్క మాట: వెల్లుల్లి చారులో వేసుకోండి, మాత్ర ఆపకండి.


గోళీసోడా · 13

మా అనుమానం తీరింది. చివరిగా ఒకటి. జిమ్ములో, పెళ్ళి బరాతులో కుర్రాళ్ళు కుప్పకూలే వీడియోలు చూసి ఇంట్లో పిల్లల్ని పరిగెత్తనివ్వడం లేదు. వ్యాక్సిన్ వల్లేనని కూడా అంటున్నారు.


క్యాజువాల్టీ డ్యూటీ · 14

18 నుంచి 45 ఏళ్ళవాళ్ళ హఠాన్మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం 2023లో వచ్చింది. కోవిడ్ వ్యాక్సిన్ ముప్పు పెంచలేదని తేలింది. పెంచినవి కుటుంబంలో హఠాన్మరణాలు ఉండటం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, తీవ్ర వ్యాయామం చేయడం. కాబట్టి పిల్లల్ని పరిగెత్తనివ్వండి, నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్ళమనండి. రాత్రి పార్టీ, పొద్దున జిమ్ము మాత్రం వద్దు.

ఎవరైనా కుప్పకూలి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి లేకుండానో ఎగశ్వాసతోనో ఉంటే వీడియో తీయకండి. ఒకరు 108కి ఫోను, ఒకరు ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఆన్చి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి నొక్కు తరవాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకి చేతులు అలసి లోతు తగ్గిపోతుంది, మనిషి మారాలి. నీళ్ళు తాగించడం, అరికాళ్ళు రుద్దడం, చేతిలో తాళంచెవులు పెట్టడం వద్దు.


పెదవాల్తేరు వాకర్ · 15

పల్లెల్లో ఉన్నవాళ్ళకి పెద్దాసుపత్రి రెండు గంటల దూరం. వాళ్ళేం చేయాలి?


క్యాజువాల్టీ డ్యూటీ · 16

నేరుగా పెద్ద ఊరికి కారు తీయకండి. దగ్గర్లో ఈసీజీ తీసి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగల ఆసుపత్రి ఏదో నొప్పి రాకముందే కనుక్కుని పెట్టుకోండి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో అడగండి. స్టెంటు వేసే చోటికి చేరడానికి రెండు గంటలు పట్టేట్టయితే, ఇంజెక్షన్ ముందు ఇచ్చి తరవాత తరలించడమే మేలు. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు ఇస్తే ఫలితం బాగుంటుంది, పన్నెండు గంటలు దాటితే దాదాపు ఉండదు. రోగి బండి నడపకూడదు, మెట్లు దిగకూడదు, కుర్చీలో దించాలి. నొప్పి సరిగ్గా ఎన్ని గంటలకి మొదలైందో కాగితం మీద రాయండి, అక్కడ అడిగే మొదటి ప్రశ్న అదే.


ఈసీజీ గది · 17

ఇంకొకటి కలుపుతాను. బాగున్నప్పుడు తీసిన పాత ఈసీజీని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. మిషన్ కాగితం వేడితో అచ్చయ్యేది, బీరువాలో ఉండగా ఉండగా గీతలు వెలిసిపోతాయి. రాత్రి రెండింటికి కొత్త ఈసీజీలో ఏదైనా తేడా కనిపిస్తే, అది ఇవాళ్టిదా పదేళ్ళ నాటిదా అని తేల్చేది ఆ ఫోటోనే. ఇంట్లోవాళ్ళ ఫోనుల్లోకి కూడా పంపించండి.